ఆటల ఫీజు అందరికీ ఒకటే, మరి ఆట? కళాశాల క్రీడల్లో ఆడపిల్లల వాటా

ఆంధ్రాలో డిగ్రీ అనేదాన్ని ఇక్కడ ఒడిశాలోని బరంపురంలో ప్లస్ త్రీ అంటాం. మా పక్కింటి అమ్మాయి ఈ ఏడాదే అందులో చేరింది. ఫీజు కట్టి వచ్చిన సాయంత్రం మా అరుగు మీద కూర్చుని రశీదులో ఒక్కో పద్దూ పైకి చదివింది. గ్రంథాలయం, ప్రయోగశాల, గుర్తింపు కార్డు, ఆ తర్వాత క్రీడలు. పక్కనే వాళ్ళ అన్నయ్య రశీదు పెట్టి పోల్చి చూసింది. అతనిదీ అదే కళాశాల, ఆఖరి సంవత్సరం.

"పిన్నీ, ఆటల ఫీజు ఇద్దరికీ ఒక్కటే. అన్నయ్య రెండేళ్ళుగా క్రికెట్ జట్టులో ఉన్నాడు, కటక్ దాకా వెళ్ళి ఆడి వచ్చాడు. ఈ రెండేళ్ళలో అమ్మాయిల జట్టు ఒక్కటి బయటి ఊరికి వెళ్ళడం తాను చూడలేదంటున్నాడు. మరి నేను కట్టిన డబ్బు ఎటు పోతుంది?" అని అడిగింది.

వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. సరిగ్గా చెప్పాలని కూర్చుంటే ఆ ఒక్క ప్రశ్న వెనక చాలా చిక్కుముళ్ళు కనిపించాయి. అమెరికాలో ఉన్నట్టు మనకూ చట్టం కావాలని ఒకరంటారు, అమ్మాయిలే ఆటలకు రారని ఇంకొకరంటారు, జన్యు పరీక్షల వార్త చూపించి అసలు గొడవంతా అదేనని మరొకరు వాదిస్తారు. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్ గెలిచాక ఇక సమానత్వం వచ్చేసినట్టే అన్నవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ ఒకే విషయం గురించిన మాటల్లా వినిపిస్తాయి కానీ కావు. అందుకే ఒక్కో ముడీ విప్పి చూడాలనిపించింది.

ఒకే మూటలో మూడు ప్రశ్నలు

మొదటిది, ఆడే అవకాశం ఎవరికి దొరుకుతోంది? ఎన్ని జట్లు ఉన్నాయి, వాటిలో ఎంతమందికి చోటుంది, పోటీలకు పంపుతున్నారా లేదా అన్నది దీని కిందికి వస్తుంది.

రెండోది, అవకాశం దొరికాక చేతికి ఏం వస్తోంది? బూట్లు, మైదానం వేళలు, శిక్షకులు, ప్రయాణ ఖర్చు, తిండి, బట్టలు మార్చుకునే గది, దెబ్బ తగిలితే వైద్యం.

మూడోది, మహిళల విభాగంలో పోటీ పడే అర్హత ఎవరిది? వార్తల్లో ఎక్కువ హోరు దీని చుట్టూనే ఉంటుంది. మా వైపు కళాశాలల్లో చదివే వేలమంది అమ్మాయిల రోజువారీ జీవితాన్ని మాత్రం మొదటి రెండే నడిపిస్తాయి. అందుకే వాటి మీదే ఎక్కువసేపు నిలుస్తాను.

వీటన్నిటికంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి. సమానం అంటే అచ్చం ఒకేలా ఉండటమా?

అయిదు కిలోలు, మూడు మిల్లీమీటర్లు

బరంపురానికి వెయిట్ లిఫ్టింగ్‌లో పేరుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కె. రవికుమార్ ఈ ఊరివారే. ఇక్కడి ఒక వ్యాయామశాలలో కొన్నేళ్ళ కిందట చూసిన దృశ్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. పదిహేడేళ్ళ అమ్మాయి అరచేతులకు తెల్లపొడి రాసుకుని బార్ ముందు వంగింది. వెయిట్ లిఫ్టింగ్‌లో పట్టు ఎలా ఉంటుందంటే, బొటనవేలిని బార్ చుట్టూ తిప్పి, దాని మీదుగా చూపుడువేలు, మధ్యవేలు బిగించాలి. ఆ అమ్మాయి బొటనవేలు చివర ఆ రెండు వేళ్ళకీ అందీ అందనట్టు ఉంది. రెండుసార్లు పట్టు మార్చింది. మూడోసారి లేపబోతే బార్ జారింది. "చేతిలో బలం లేదు" అన్నారు పక్కనున్నవాళ్ళు.

బలం సంగతి అలా ఉంచి, ఆ బార్‌ను చూడండి. పోటీల్లో పురుషులు వాడే బార్ బరువు 20 కిలోలు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. మహిళల బార్ 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు, పొడవు కూడా కాస్త తక్కువ. ఆ వ్యాయామశాలలో ఉన్నవన్నీ పురుషుల బార్లే. అందరికీ ఒకటే సామాను ఇచ్చామని నిర్వాహకులు అనుకున్నారు, అందులో వాళ్ళ దురుద్దేశమేమీ లేదు. అయినా ఆ అమ్మాయి ఒక్క బిళ్ళ కూడా వేయకముందే అయిదు కిలోలు అదనంగా మోస్తోంది, చేతికి సరిపడని ఇనుముతో సాధన చేస్తోంది. తీరా పోటీకి వెళితే అక్కడ ఇచ్చే బార్ వేరు.

క్రీడల నియమాలే ఈ తేడాను ఒప్పుకున్నాయి. షాట్‌పుట్ గుండు పురుషులకు 7.26 కిలోలు, మహిళలకు 4 కిలోలు. జావెలిన్ 800 గ్రాములు, 600 గ్రాములు. కాబట్టి సమానత్వం కొన్నిచోట్ల ఒకే వస్తువు ఇవ్వడంలో ఉంటుంది, కొన్నిచోట్ల వేరే వస్తువు ఇవ్వడంలో ఉంటుంది. ఏది ఎక్కడ అన్నది తేల్చడానికి ఆట తెలిసినవాళ్ళు కావాలి, లెక్కలు రాసేవాళ్ళు మాత్రమే ఉంటే చాలదు.

మైదానం వేళల సంగతీ ఇంతే. సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా అబ్బాయిలకు, అయిదున్నర నుంచి ఆరున్నర దాకా అమ్మాయిలకు అని ఒక కళాశాల రాసి పెట్టిందనుకుందాం. కాగితం మీద చెరో గంట. పోటీలు జోరుగా సాగే డిసెంబరులో మా తూర్పు తీరాన అయిదింపావు ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది. దీపాలు లేని మైదానంలో అమ్మాయిల గంట మొత్తం చీకటే. ఊళ్ళకు వెళ్ళే ఆఖరి బస్సు కూడా ఆ లోపే కదిలిపోతుంది.

అమెరికాలో 37 పదాల వాక్యం

ఈ చర్చలో పదే పదే వినిపించే పేరు టైటిల్ నైన్. 1972 జూన్ 23న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా చట్ట సవరణల్లో తొమ్మిదో భాగం అది. అసలు వాక్యం ఆంగ్లంలో 37 పదాలే. కేంద్ర ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ అన్న కారణంతో ఎవరినీ దూరం పెట్టకూడదని దాని సారం. అందులో క్రీడలు అన్న మాటే లేదు. చట్టం తేవడానికి పట్టుబట్టిన ప్యాట్సీ మింక్, ఎడిత్ గ్రీన్, బర్చ్ బై వంటి వారి దృష్టి ప్రధానంగా ప్రవేశాలు, ఉద్యోగాల మీద ఉండేది. ఆటస్థలం కూడా విద్యలో భాగమే కాబట్టి అది అక్కడికీ పాకింది.

మరి ఒక కళాశాల ఈ చట్టాన్ని పాటిస్తోందో లేదో ఎలా తేల్చాలి? 1979లో మూడు దారులు చెప్పారు, వాటిలో ఏ ఒక్కటి చూపించినా చాలు. విద్యార్థుల్లో అమ్మాయిలు ఎంత శాతం ఉన్నారో ఆటగాళ్ళలోనూ దాదాపు అంత శాతం ఉండటం ఒకటి. అమ్మాయిల క్రీడలను ఏటేటా పెంచుకుంటూ వస్తున్న చరిత్ర ఉండటం రెండోది. ఉన్న అమ్మాయిల ఆసక్తికి, సామర్థ్యానికి తగిన అవకాశాలు పూర్తిగా కల్పించామని నిరూపించడం మూడోది.

సౌకర్యాల విషయంలో ఆ చట్టం రూపాయికి రూపాయి అడగదు. ఇది చాలామంది పొరబడే చోటు. పురుషుల అమెరికన్ ఫుట్‌బాల్‌కు తలకవచం, భుజకవచం కావాలి, మహిళల వాలీబాల్‌కు అక్కర్లేదు. కాబట్టి ఖర్చు సమానంగా ఉండనక్కర్లేదు, అందే నాణ్యత సమానంగా ఉండాలి. క్రీడా ఉపకార వేతనాలకు మాత్రం డబ్బు లెక్కే చూస్తారు, ఆటగాళ్ళ నిష్పత్తిలో పంచాలి.

ఫలితం పెద్దదే. 1971-72లో అమెరికా కళాశాలల్లో పోటీ క్రీడలు ఆడే అమ్మాయిలు సుమారు 30 వేలమంది. ఇప్పుడు ఆ సంఖ్య రెండు లక్షలు దాటింది. పాఠశాలల్లో మూడు లక్షల లోపు నుంచి ముప్ఫై లక్షల పైకి ఎదిగింది. దానితోపాటు ఎవరూ అనుకోని మార్పు ఇంకొకటి వచ్చింది. 1972లో మహిళా జట్ల శిక్షకుల్లో పదింట తొమ్మిది మందికి పైగా మహిళలే. జట్లకు డబ్బు, హోదా వచ్చాక ఆ ఉద్యోగాల్లోకి పురుషులు వచ్చారు, మహిళా శిక్షకుల వాటా సగానికంటే కిందికి పడిపోయింది. ఆడే అమ్మాయిలు పెరిగారు, నేర్పే మహిళలు తగ్గారు. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబు రెండోదానికి సరిపోదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

యాభై ఏళ్ళ చట్టం ఉన్నా సౌకర్యాల తేడా పోలేదు. 2021లో కళాశాలల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల్లో పురుషులకు పెద్ద వ్యాయామశాల, మహిళలకు కొద్దిపాటి డంబెల్స్ ఉన్న ఒక్క స్టాండు కేటాయించారు. ఒక క్రీడాకారిణి దాన్ని ఫోనులో చిత్రీకరించి పెట్టాకే దేశమంతా చూసింది.

వెయ్యిమంది విద్యార్థులతో ఒక లెక్క

నిష్పత్తి అంటే ఏమిటో అంకెలతో చూద్దాం. ఇది ఊహించుకున్న కళాశాల. మొత్తం 1,000 మంది విద్యార్థులు, 560 మంది అమ్మాయిలు, 440 మంది అబ్బాయిలు. అన్ని జట్లలో కలిపి 120 మంది ఆడుతున్నారు, అందులో అబ్బాయిలు 84, అమ్మాయిలు 36.

విద్యార్థుల్లో అమ్మాయిల వాటా 56 శాతం, ఆటల్లో 30 శాతం. తేడా 26 శాతం. దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. అబ్బాయిల 84 చోట్లూ అలాగే ఉంచితే అమ్మాయిల చోట్లు 36 నుంచి 107కి పెరగాలి, అంటే ఇంకో 71 మందికి ఆట, శిక్షణ, ప్రయాణం, బట్టలు. ఖర్చు ఎక్కువ. అదే అమ్మాయిల సంఖ్య 36 దగ్గరే ఆపి అబ్బాయిల చోట్లు 84 నుంచి 28కి కోసేస్తే కాగితం మీద నిష్పత్తి అప్పుడూ 56 శాతమే వస్తుంది. ఖర్చు తగ్గుతుంది. ఒక్క అమ్మాయికి కూడా కొత్తగా ఆట దొరకదు.

అమెరికాలో వివాదం సరిగ్గా ఇక్కడే రాజుకుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు పురుషుల కుస్తీ వంటి జట్లను రద్దు చేసి టైటిల్ నైన్ వల్లే చేశామన్నాయి. కుస్తీ శిక్షకుల సంఘం 2002లో కోర్టుకు కూడా వెళ్ళింది, గెలవలేదు. వాళ్ళ బాధ నిజమైనదే. నాలుగేళ్ళు సాధన చేసిన కుర్రవాడి జట్టు ఒక్క ఉత్తరంతో మాయమవడం అన్యాయమే. అటువైపు వారి వాదన ఏమిటంటే, చట్టం ఎక్కడా అబ్బాయిల జట్టు తీసేయమనలేదు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మీద కుమ్మరించే సొమ్ములో కాస్త తగ్గించినా కుస్తీ బతికేది, కాబట్టి అది విశ్వవిద్యాలయం ఎంచుకున్న మార్గం. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. అయితే మొదటి వారి భయాన్ని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే నిష్పత్తి అనే కొలబద్దను మోసం చేయడం చాలా తేలిక. మహిళా జట్టుతో కలిసి సాధన చేసే మగ ఆటగాళ్ళను కూడా మహిళా జట్టు సంఖ్యలో కలిపి చూపించిన సందర్భాలు అక్కడ ఉన్నాయి.

"అమ్మాయిలకు ఆసక్తి లేదు" అన్న మాట

మా జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే వాదన ఇది. చెప్పేవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే. ఒక పీఈటీ ఎంపికల రోజు అమ్మాయిల ఖోఖోకు పేర్లు అడిగితే ఏడుగురే వచ్చారని చెబుతారు, అది నిజమే కూడా. ఏడుగురితో జట్టు కాదు, కాబట్టి పంపలేదు. మరుసటి ఏడు ఆ ఏడుగురిలో నలుగురే పేరిస్తారు.

అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం కూడా ఇదే వాదించింది. 1991లో అది మహిళల జిమ్నాస్టిక్స్, వాలీబాల్ జట్లకు విశ్వవిద్యాలయ నిధులు ఆపేసింది. క్రీడాకారిణులు కోర్టుకు వెళ్ళారు. అమ్మాయిలకు అబ్బాయిలంత ఆసక్తి లేదని విశ్వవిద్యాలయం అంటే, అప్పీలు కోర్టు 1996లో ఒప్పుకోలేదు. ఆసక్తి, నైపుణ్యం శూన్యంలోంచి పుట్టవని, అవకాశం, అనుభవం ఎలా ఉంటే అవి అలా ఎదుగుతాయని తేల్చింది.

ఈ మాటకు సాక్ష్యం కావాలంటే మనం అంత దూరం వెళ్ళనక్కర్లేదు, పర్లాకిమిడి నుంచి పూట కూడా పట్టని దూరంలో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట ఉంది. కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. పురుషుల వెయిట్ లిఫ్టింగ్ 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉంది. మహిళలకు మొదటి ప్రపంచ పోటీలు జరిగింది 1987లో, ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2000లో సిడ్నీలో. ఆ మొదటిసారే మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది. అంతకుముందు తరంలో శ్రీకాకుళంలోనో గంజాంలోనో బరువులెత్తగల ఆడపిల్లలు పుట్టలేదని ఎవరైనా అనగలరా? వాళ్ళకు ఎత్తడానికి వేదిక లేదు, అందుకే వాళ్ళ ఆసక్తి ఏ లెక్కలోనూ పడలేదు.

ఎదుటి వాదనలోనూ కొంత నిజం ఉంది, దాన్ని దాటేయకూడదు. ఇంట్లో పని, పెళ్ళి మాటలు, ఎండలో నల్లబడతావన్న హెచ్చరికలు, పొట్టి నిక్కరు మీద అభ్యంతరం, ఇవేవీ కళాశాల సృష్టించినవి కావు. కుటుంబం పంపకపోతే పీఈటీ ఏం చేయగలరు? ఒంట్లో సత్తువ ప్రశ్న కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి తగ్గిన పిల్ల 800 మీటర్లలో రెండో చుట్టుకే ఆయాసపడుతుంది. దాన్ని ఆసక్తి లేకపోవడంగా చూస్తే తప్పు జబ్బుకు మందు వేసినట్టవుతుంది.

అయినా కుటుంబాలు ఎందుకు వెనకాడతాయో అడిగితే వచ్చే జవాబుల్లో సగం కళాశాల చేతిలోనివే. జట్టుతో మహిళా మేనేజరు వెళుతున్నారా? రాత్రి బస ఎక్కడ? మైదానం దగ్గర మరుగుదొడ్డికి తలుపూ గడియా ఉన్నాయా? నెలసరి రోజుల్లో తెల్ల నిక్కరే వేసుకోవాలా? ఈ నాలుగింటికి నమ్మకమైన జవాబు ఉన్నచోట తండ్రులు పంపడం నేను చూశాను.

మన చట్టాలు ఎంతవరకు వస్తాయి

భారతదేశంలో టైటిల్ నైన్ లాంటి చట్టం లేదు. పునాది మాత్రం రాజ్యాంగంలోనే ఉంది. 15వ అధికరణం లింగ వివక్షను నిషేధిస్తుంది, అందులోనే మూడో ఖండం మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ప్రభుత్వానికి వీలిస్తుంది. వీలివ్వడానికీ చేసి తీరాలనడానికీ మధ్య దూరం ఉంది, చిక్కంతా అక్కడే. పైగా అధికారాల పంపకంలో క్రీడలు రాష్ట్ర జాబితాలో 33వ అంశం, విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. కళాశాల క్రీడలు ఈ రెండింటి నడుమ పడిపోయాయి. అందుకే ఒకే చట్టం కింద అడగడానికి ఇక్కడ దారి కనిపించదు.

ఉన్నవాటిలో గట్టిది 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నివారణ చట్టం. క్రీడా సంస్థలు, స్టేడియంలు, పోటీలు జరిగే ప్రదేశాలు కూడా పనిచోటు కిందికే వస్తాయని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే పోటీకి వెళ్ళిన ఊళ్ళో జరిగినదాని మీద కూడా ఫిర్యాదు నిలబడుతుంది. 2025 ఆగస్టులో చట్టమైన జాతీయ క్రీడా పాలన చట్టం, జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో గరిష్ఠంగా ఉండే 15 మందిలో కనీసం నలుగురు మహిళలు ఉండాలంది. మంచి అడుగే. కళాశాల క్రీడా సంఘం దాకా అది దిగిరాదు.

సరిహద్దు తెచ్చే చిక్కులు

ఇచ్ఛాపురానికీ బరంపురానికీ పాతిక కిలోమీటర్లు. పర్లాకిమిడి దాటితే పాతపట్నం. పెళ్ళి సంబంధాలు, కూరగాయల బళ్ళు, సినిమాలు అన్నీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. విశ్వవిద్యాలయాల క్రీడల్లో మాత్రం ఇవి వేర్వేరు లోకాలు. అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఒడిశావి తూర్పు మండలం, ఆంధ్రావి దక్షిణ మండలం. ఒకే వీధిలో ఆడుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకరు శ్రీకాకుళం వైపు, ఒకరు బరంపురంలో చేరితే మండల పోటీల్లో ఎదురుపడరు.

ఇందువల్ల అబ్బాయిలకూ ఇబ్బందే, అమ్మాయిలకు అది రెట్టింపు. ఇంటర్ ఇచ్ఛాపురంలో చదివి అక్కడి జిల్లా పోటీల్లో పరుగెత్తిన అమ్మాయి ప్లస్ త్రీకి ఇటు వస్తే ఆ రాష్ట్రం సంఘం నుంచి నిరభ్యంతర పత్రం, నివాస పత్రం అంటూ తిరగాలి. అన్నయ్యనైతే ఒంటరిగా బస్సెక్కించి పంపుతారు. అమ్మాయి వెంట ఎవరో ఒకరు ఆ రోజు కూలి వదులుకుని వెళ్ళాలి. ఎంపికల నోటీసు ఒడియాలో గోడ మీద పడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివివచ్చిన పిల్లకు, గజపతి కొండల నుంచి వచ్చిన సవర పిల్లకు అది ఎవరో చదివి చెప్పాలి. అబ్బాయిలకు మైదానంలో నోటిమాటగా తెలిసిపోతుంది. మైదానానికే రానివ్వని పిల్లకు తేదీ దాటాక తెలుస్తుంది.

ఒడిశా ప్రభుత్వం క్రీడల మీద పెట్టిన శ్రద్ధను తక్కువ చేయను. 2018 నుంచి భారత హాకీ జట్లకు, మహిళలకూ పురుషులకూ, ఈ రాష్ట్రమే ప్రాయోజకత్వం ఇస్తోంది. మొట్టమొదటి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లోనే జరిగాయి. ఆ వెలుగు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల మామూలు కళాశాలల మైదానం మీద ఎంత పడుతోందన్నదే నా ప్రశ్న.

మహిళల విభాగం ఎవరిది?

ఇక మూడో ప్రశ్న. మహిళలకు వేరే విభాగం ఎందుకు అన్నదానితో మొదలుపెట్టాలి. 100 మీటర్ల ప్రపంచ రికార్డు పురుషులది 9.58 సెకన్లు, మహిళలది 10.49. దాదాపు పదో వంతు తేడా. లాంగ్ జంప్‌లో 8.95 మీటర్లు, 7.52 మీటర్లు. యౌవనంలో మగ శరీరంలో పెరిగే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ కండరాన్ని, ఎముకను, రక్తాన్ని మార్చడం దీనికి ప్రధాన కారణం. విభాగాలు కలిపేస్తే పై మెట్లలో మహిళలు కనిపించరు. కాబట్టి గీత ఉండాలన్న విషయంలో పెద్దగా తగాదా లేదు. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే తగాదా.

ఆ గీత మీద నిలబడి పోరాడిన అమ్మాయి ఒడిశాదే. జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్‌లో నేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్‌ను 2014లో, ఆమె శరీరంలో సహజంగానే టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉందని చెప్పి కామన్వెల్త్ జట్టు నుంచి తప్పించారు. ఆమె ఏ మందూ వాడలేదు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2015 జూలైలో ఆ న్యాయస్థానం, ఈ హార్మోన్ వల్ల ఎంత లాభం కలుగుతుందో చూపే ఆధారం చాలదంటూ నియమాన్ని నిలిపివేసింది. ఆమె 2016 రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచింది. 2019లో భువనేశ్వర్‌లోని కిట్ విశ్వవిద్యాలయం విద్యార్థినిగా నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం తెచ్చింది. ఆ అవకాశం రాని తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో గెలిచిన 800 మీటర్ల రజతాన్ని పరీక్ష తర్వాత పోగొట్టుకుంది.

నియమాలు అక్కడ ఆగలేదు. 2018లో 400 మీటర్ల నుంచి మైలు వరకు పరుగులకు టెస్టోస్టెరాన్ మీద కొత్త పరిమితి వచ్చింది. 2023లో మగ యౌవనం దాటిన ట్రాన్స్ మహిళలను మహిళల విభాగం నుంచి తప్పించారు. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ స్థాయి అథ్లెటిక్స్ పోటీల్లో మహిళలు జీవితంలో ఒకసారి ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పరీక్ష చేయించుకోవాలి. సాధారణంగా వై క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువు గర్భంలో పిండాన్ని మగ దారి పట్టిస్తుంది.

సమర్థించేవారు చెప్పేది న్యాయమైన పోటీ గురించి. స్పష్టమైన ఒకే పరీక్ష ఉంటే అనుమానాలు, గుసగుసలు తగ్గుతాయంటారు. వ్యతిరేకించేవారు చరిత్ర చూపిస్తారు. ఇలాంటి క్రోమోజోమ్ పరీక్షలు గతంలోనూ ఉండేవి. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పాటినో వాటిలో విఫలమై జట్టునూ, పేరునూ పోగొట్టుకుంది. ఆమె శరీరం టెస్టోస్టెరాన్‌కు స్పందించదని తర్వాత తేలింది. అందుకే 1999లో ఒలింపిక్ సంఘం అందరికీ పరీక్షలు చేసే పద్ధతిని మానేసింది. జన్యువు ఉన్నంత మాత్రాన లాభం ఉన్నట్టు కాదని వాళ్ళ వాదన.

నా మటుకు నాకు రెండు వైపులా నిజాయితీ గల మనుషులు కనిపిస్తారు, ఇది తేలిక ప్రశ్న కాదు. ఒక్క భయం మాత్రం గట్టిగా ఉంది. ప్రపంచ పోటీల కోసం రాసిన నియమం గాలివాటుగా ఊరి మైదానానికి చేరితే, జుట్టు కత్తిరించుకున్న పిల్లనూ గొంతు బొంగురుగా ఉన్న పిల్లనూ వేలెత్తి చూపడం మొదలవుతుంది. తొలిసారి పరుగెత్తడానికి వచ్చిన అమ్మాయి ఆ ఒక్క మాటతో ఇంటికి వెళ్ళిపోతే మళ్ళీ రాదు.

లెక్క బయట పెట్టడం

అమెరికాలో 1994 నాటి మరో చట్టం ప్రకారం కళాశాలలు ఏటా ఆటగాళ్ళ సంఖ్య, ఖర్చు, శిక్షకుల జీతాలు ఆడ, మగ వారీగా ప్రకటించాలి. అక్కడ వాదనలు ఎంత ఘాటుగా ఉన్నా అంకెల మీద జరుగుతాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకు నేరుగా ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. అందులో సింహభాగం పురుషుల ఫుట్‌బాల్‌కే పోతుందని కొందరు క్రీడాకారిణులు వెంటనే అప్పీలుకు వెళ్ళగలిగారు.

మన దగ్గర అలా ప్రకటించి తీరాలన్న నియమం లేకపోయినా, ప్రభుత్వ కళాశాలలు 2005 సమాచార హక్కు చట్టం పరిధిలో ఉన్నాయి, దరఖాస్తు రుసుము పది రూపాయలు. వసూలైన ఆటల ఫీజు ఎంత, ఏ జట్టు ఎక్కడికి వెళ్ళింది, అమ్మాయిలకు ఏ సామాను కొన్నారు అన్న వివరాలు స్టాక్ రిజిస్టరులో, ప్రయాణ బిల్లుల్లో ఇప్పటికే ఉంటాయి. వాటిని రెండు వరుసలుగా విడదీసి రాస్తే చాలు.

ఇదంతా నాలుగు రోజులపాటు కొంచెం కొంచెంగా చెబుతుంటే మా పక్కింటి అమ్మాయి శ్రద్ధగా విన్నది. బార్ సంగతి దగ్గర ఆగి తన అరచేయి తెరిచి చూసుకుంది. మర్నాడు కళాశాలలో ఎంపికల తేదీ ఎప్పుడో అడిగి వచ్చింది. నోటీసు వారం కిందటే పడిందట, ఇంకా రెండు రోజులు గడువుంది. ఖోఖోకు అప్పటికి తొమ్మిది పేర్లు ఉన్నాయి, తనది పదోది.